డంగు సున్నం గోడల్లో బడిగంట

దిల్‌సుఖ్‌నగర్‌లో చదువంటే బోర్డులే. బస్టాండు ఎదుట నిలబడి తల పైకెత్తితే రెండో అంతస్తులో బ్యాంకు పరీక్షలు, మూడో అంతస్తులో గ్రూప్స్, మెట్ల పక్క సందులో సాఫ్ట్‌వేర్ కోర్సు. కింద చెప్పుల దుకాణం, పైన పాఠం. ఆ కాంప్లెక్సులేవీ చదువు కోసం కట్టినవి కావు. అద్దె గిట్టకపోతే అదే హాల్లో రేపు చీరల షోరూము వెలుస్తుంది. గోడలకి ఏ పట్టింపూ లేదు.

ఇదే విజయవాడ రోడ్డు వెంట, మెట్రోలో మూడు స్టేషన్ల ఎడంలో, చదువు కోసం కట్టని కట్టడాలే మరో రెండున్నాయి. ఒకటి మూసారాంబాగ్ పక్కన టీవీ టవర్ దగ్గరి గుట్ట మీది ఆస్మాన్‌గఢ్. ఇంకొకటి సరూర్‌నగర్‌లోని విక్టోరియా మెమోరియల్ హోమ్. జనం నోట అది వీఎం హోమ్. మొదటిది ఒక అమీరు సరదాకి కట్టుకున్నది. రెండోది నిజాం ప్యాలెస్. రెండూ చివరికి పిల్లల పాలయ్యాయి. ఇవి ఇన్నాళ్లు నిలబడింది పనితనం వల్లేనని చాలాకాలం అనుకునేవాణ్ణి. ఇప్పుడు పనితనానికి సగం మార్కులే వేస్తున్నాను. మిగతా సగం ఎవరివో చెప్పేముందు, ఆ పనితనమేమిటో దగ్గరగా చూడాలి.

ఆస్మాన్ అంటే ఆకాశం, గఢ్ అంటే కోట. పైగా అనే అమీర్ల వంశానికి చెందిన సర్ ఆస్మాన్ జా 1885లో దీన్ని కట్టించాడు. ఆ తర్వాత రెండేళ్లకు హైదరాబాద్ రాజ్యానికి ప్రధాని అయ్యాడు. నమూనా కూడా తనే వేసుకున్నాడని చెబుతారు. చూస్తే నమ్మబుద్ధేస్తుంది. బురుజులు, బురుజుల మీద పళ్ళవరుసలాంటి గోడ, గోథిక్ పద్ధతి కమాను కిటికీలు. యూరప్‌లో వెయ్యేళ్ల కింద యుద్ధాలకి కట్టుకున్న కోట ఒకటి కుంచించుకుపోయి మన గుట్ట మీద వచ్చి కూర్చున్నట్టుంటుంది. వృత్తిగా ఇళ్లు కట్టేవాడైతే ఇంత చిన్న ఇంటికి అంత కోట వేషం వేయడానికి మొహమాటపడేవాడు. మనసుపడ్డ మనిషికి ఆ మొహమాటం ఉండదు.

అప్పటికే దక్షిణాన ఇంకో గుట్ట మీద, అదే పైగా వంశానికి చెందిన వికారుల్ ఉమ్రా ఫలక్‌నుమాకి పునాది వేసి ఉన్నాడు. అది 1884. ఫలక్ అన్నా ఆకాశమే. ఇద్దరు అమీర్లు, రెండు గుట్టలు, రెండు ఆకాశాలు. ఫలక్‌నుమా నిజాం చేతికి వెళ్లి, చాలాకాలం మూతబడి, 2010లో తాజ్ హోటల్‌గా తెరుచుకుంది. ఆస్మాన్‌గఢ్ కొన్నాళ్లు అనాథాశ్రమంగా, కొన్నాళ్లు పురావస్తువుల ప్రదర్శనశాలగా ఉండి, సెయింట్ జోసెఫ్స్ పబ్లిక్ స్కూల్ శాఖకి నీడయింది. ఒక ఆకాశంలో రాత్రికింత అని గది అద్దె. ఇంకో ఆకాశంలో ఏడాదికింత అని బడి ఫీజు.

ఆ కోటని చూసి రమ్మని నన్ను పంపినవాడు ఒక సున్నం మేస్త్రీ. ఆయన సంగతి ముందు చెప్పాలి.

నేను ఆరు నుంచి పది దాకా చదివిన బడి ఒక పాత దివాణం. ఊరిపేరు వద్దు. రెండడుగుల మందం గోడలు, ఎండాకాలం మధ్యాహ్నం కూడా వీపు ఆనిస్తే చల్లగా ఉండేవి. నేను తొమ్మిదిలో ఉండగా గోడలు పెచ్చులూడుతున్నాయని సిమెంటు పూత పూయించారు. కొత్తలో అద్దంలా ఉంది. రెండు వానాకాలాలు తిరిగేసరికి పూత వెనక డబడబమని మోగడం మొదలైంది. లెక్కల పీరియడ్‌లో ఒకరోజు తలుపంత పలక ఊడి కిందపడింది. లోపల చూస్తే సున్నం తడిసి, పిండిలా జారిపోతోంది. ఎప్పుడూ తడి కనిపించని గోడ అది. ఆ తడి ఎక్కణ్నుంచి వచ్చిందో మాకెవరికీ అర్థం కాలేదు.

ఇరవై ఏళ్ల తర్వాత పూర్వ విద్యార్థులం చందాలు వేసుకుని బాగుచేయించాలనుకున్నప్పుడు ఎవరో ఈ పెద్దాయన్ని పట్టుకొచ్చారు. వచ్చీ రాగానే గోడని వేలి కణుపుతో రెండుచోట్ల కొట్టి విన్నాడు. "తడి ఏడికెల్లో రాలే సారూ. ముందుగాల నుంచీ ఉన్నదే" అన్నాడు. "రోజూ బయటికి పోతుండె. మీరు దాని ముక్కు మూసిండ్రు."

దీనికన్నా బాగా ఏ ఇంజినీరూ నాకు చెప్పలేదు. నేల తడి గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది. సున్నం గుల్లగా ఉంటుంది కాబట్టి ఆ తడి గాలికి ఆరిపోతుంది. సిమెంటు దట్టం. తడి దాని వెనక చిక్కుకుపోతుంది, దాంతో వచ్చిన ఉప్పు అక్కడే పేరుకుని గోడని లోపల్నుంచి తింటుంది. రాతిగోడల సందుల్లో సిమెంటు దట్టించినా ఇంతే. గోడ కాస్త కదిలినప్పుడు సున్నం తను పగిలి రాయిని కాపాడుతుంది. సిమెంటు మొండికేస్తుంది, రాయి అంచు పగులుతుంది. పాత బళ్లకి ప్రేమతో చేసే అపకారాల్లో మొదటిది సిమెంటు బస్తా, రెండోది ప్లాస్టిక్ పెయింటు డబ్బా.

పెద్దాయన డంగు సున్నం పని నేను పక్కన కూర్చుని చూశాను. సున్నపురాయిని బట్టీలో తొమ్మిది వందల డిగ్రీల వేడి దాకా కాలిస్తే దానిలోని బొగ్గుపులుసు వాయువు పోయి తేలికవుతుంది. దాన్ని నీళ్లలో వేస్తే కుతకుత ఉడికి, విచ్చి, పేస్టవుతుంది. ఆ ముద్ద ఎన్ని రోజులు నీళ్లలో మాగితే అంత మంచిది. మాగిన సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో వేస్తారు. గుండ్రటి రాతికాలువ, అందులో దొర్లే రాతిచక్రం, ఒకప్పుడు దాన్ని తిప్పడానికి ఎడ్లు. మాకు ఎడ్లు లేవు, మోటారు పెట్టారు. పెద్దాయన చిన్నబుచ్చుకున్నాడు గానీ ఒప్పుకున్నాడు.

నూరుతున్నప్పుడు కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు పోశాడు. ఇదేదో మంత్రమనుకుంటారు. కాదు, రెండింటికీ పనుంది. బెల్లం వల్ల ముద్ద తక్కువ నీళ్లతోనే మెత్తగా సాగుతుంది. కరక్కాయ పులుసు దాన్ని గట్టిపరుస్తుంది. అద్దంలాంటి పై పూతకి కోడిగుడ్డు తెల్లసొన కలిపే పద్ధతీ ఉంది. మా చందాల్లో గుడ్లకి డబ్బులు మిగల్లేదు.

పూసిన తర్వాత అసలు పని గాలిది. సున్నం గాలిలోని అదే బొగ్గుపులుసు వాయువుని నెలల తరబడి పీల్చుకుంటూ మళ్లీ సున్నపురాయవుతుంది. బట్టీలో పోగొట్టుకున్నదాన్ని గోడ మీద తిరిగి రాబట్టుకుంటుందన్నమాట. అందుకే తొందర పనికిరాదు. తడి గోనెలు కప్పి, రోజూ నీళ్లు చల్లుతూ, గోటితో గీరి చూసేవాడు. గీత పడితే "ఇంకా పచ్చిగుంది" అని వెళ్లిపోయేవాడు. పద్దెనిమిదో రోజున గోరు జారింది. ఆ రోజు ఆయన మొహం చూడాల్సింది.

అప్పుడే అన్నాడు, "పట్నంల టీవీ టవర్ కాడ గుట్ట మీద కోట ఉంటది, సూసిన్రా? దాని కమాన్లు సూసి రాండ్రి" అని. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎనిమిదేళ్లు అద్దెకున్న నేను ఆ గుట్ట ఎక్కలేదని చెప్పడానికి సిగ్గుపడి తలూపాను.

ఆస్మాన్‌గఢ్ రాయి గ్రానైటు. ఎక్కణ్నుంచో తెచ్చింది కాదు, హైదరాబాద్ కూర్చున్న బండే అది. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. ఈ రాయి పాలరాయిలా చెప్పినట్టు వినదు. ఉలి కింద నలగదు, ఎగిరి కంట్లో పడుతుంది. అలాంటి బండని నిలువునా చీల్చడానికి వడ్డెర పనివాళ్ల దగ్గర ఉన్న విద్య చూస్తే ముచ్చటేస్తుంది. బండ మీద గీత గీసి, ఆ గీత వెంట వరుసగా చిన్న గుంటలు తొలుస్తారు. ప్రతి గుంటలో ఇనుప చీల నిలబెడతారు. మొదటి చీల నుంచి చివరిదాకా తలా ఒక దెబ్బ, మళ్లీ మొదటి నుంచి. ఏ చీలనీ విడిగా తొందరపెట్టరు. కొంతసేపటికి మోత మారుతుంది. అప్పుడు మేస్త్రీ సుత్తె కింద పెట్టి చుట్ట వెలిగిస్తాడు. బండ తనంతట తనే గీత వెంట విచ్చుకుంటుంది. హైదరాబాద్‌లో పాత రాతిగోడల దగ్గరికెళ్లి రాళ్ల అంచులు తడిమి చూడండి. అరచందమామల్లా సగం గుంటలు చేతికి తగిలితే, అవి ఈ చీలలు దిగిన చోట్లే.

అలా చీల్చిన రాయితో కమాను కట్టడం ఇంకో ఎత్తు. ముందు కమాను ఆకారంలో చెక్కతో చట్రం నిలబెడతారు. ఆ చట్రం మీద రెండు వైపుల నుంచీ రాళ్లు పేర్చుకుంటూ పైకొస్తారు. ప్రతి రాయీ పైవైపు వెడల్పు, లోపలివైపు సన్నం. ఆ వాలు ఒక్క రాయికి తప్పినా తప్పు పైదాకా పాకుతుంది. నడినెత్తిన చివరి రాయి బిగించి, సున్నం పట్టుకున్నాక చట్రం మెల్లగా దించుతారు. ఆ క్షణం నుంచి రాళ్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, ఆ నెట్టుకోవడం మీదే నిలబడతాయి. గోథిక్ కమానుకి నెత్తిన కొస ఉంటుంది. గుండ్రటి కమాను బరువుని పక్కలకి ఎక్కువ తోస్తుంది. కొసదేరింది ఎక్కువగా కిందికి దింపుతుంది. యూరప్‌లో ఈ కిటుకుతో ఆకాశమంత చర్చిలు కట్టారు. మనవాడు ఆ కిటుకుని ఆటవిడుపు ఇంటి కిటికీకి వాడుకున్నాడు. బరువు కోసం కాదు, అందం కోసం. కానీ అందం కోసం చెక్కినా రాయి అంతే మొండి, వాలు అంతే లెక్కగా ఉండాలి. నూట నలభై ఏళ్ల నాడు ఆ లెక్క వేసిన చేతుల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. ఆస్మాన్ జా పేరు మాత్రం గుట్టకే ఉంది.

ఇంత గట్టి పని కదా, దానంతట అదే నిలబడదా అంటే, జవాబు ఆ చుట్టుపక్కలే ఉంది. నిజాం సైన్యానికి పనిచేసిన ఫ్రెంచి సేనాని రేమండ్ 1798లో చనిపోతే ఇక్కడే పాతిపెట్టారు. మూసా రాం అని జనం పిలుచుకున్నది ఆయన్నే. మూసారాంబాగ్ ఆ పేరే. ఆయన సమాధి మీది నల్లరాతి స్తంభం పక్కన కట్టిన మంటపం రెండొందల ఏళ్లు నిలిచి, 2001లో వానలకి కూలిపోయింది. తర్వాత తిరిగి కట్టారనుకోండి. ఇంకాస్త ముందుకెళ్తే చైతన్యపురి. అక్కడ మూసీ ఒడ్డున నరసింహస్వామి గుడి దగ్గర బండ మీద విష్ణుకుండినుల కాలపు ప్రాకృత శాసనం ఉంది. గోవిందరాజ విహారం పేరు అందులో కనిపిస్తుంది. బౌద్ధ భిక్షువులు ఉంటూ చదువుకున్న చోటన్నమాట. అంటే ఈ రోడ్డు మీది అన్ని కోచింగ్ సెంటర్లకీ అదే తాత. రాసిన బండ ఉంది. విహారం గోడ ఒక్కటీ లేదు.

ఆస్మాన్ జా కట్టుకున్న ఇంకో ఇల్లు చూడండి. బషీర్‌బాగ్ ప్యాలెస్ దీనికన్నా పెద్దది, ఊరి నడిబొడ్డున ఉండేది. ఇప్పుడు బషీర్‌బాగ్ బస్‌స్టాప్ ఉంది, ప్యాలెస్ లేదు. ఫక్రుల్ ముల్క్ అనే మరో అమీరు కథ ఇంకా సూటిగా ఉంటుంది. ఆయన ఇల్లు అసద్‌బాగ్ నిజాం కాలేజీ అయింది. దాన్ని పడగొడదామన్న మాట నేను వినలేదు. ఆయనదే ఇంకో ఇల్లు ఎర్రమంజిల్ ప్రభుత్వ ఆఫీసయింది. దాన్ని పడగొట్టి అసెంబ్లీ కట్టాలని నిర్ణయం జరిగింది. 2019 సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేస్తే గానీ అది బతకలేదు. వారసత్వ కట్టడాలకి రక్షణగా ఉన్న పాత హుడా (నగరాభివృద్ధి సంస్థ) నిబంధన 13ని 2015లో తీసేశారు, 2017లో కొత్త చట్టం వచ్చింది. ఈ రెంటి మధ్య ఏ గోడ ఎవరిదన్న వాదన కోర్టుల్లో ఇంకా చాలాకాలం సాగుతుంది. ఆఫీసైతే ఫైళ్లతో సహా ఇంకో చోటికి పోతుంది. బడిని లేపడం అంత తేలిక కాదు. తల్లిదండ్రులు అడ్డుపడతారు, పాత విద్యార్థులు అడ్డుపడతారు.

వీఎం హోమ్ దగ్గర ఈ మాట బాగా అర్థమవుతుంది. 1901 జనవరిలో విక్టోరియా రాణి చనిపోయింది. ఆమె జ్ఞాపకంగా ఏదో ఒకటి కట్టాలని దేశమంతా పోటీలు పడ్డారు. కలకత్తాలో 1906లో పునాది వేసిన పాలరాతి మహలు 1921లో తెరుచుకుంది. హైదరాబాద్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో ఈ హోమ్ కోసం కొత్తగా ఏమీ కట్టలేదు. సరూర్‌నగర్‌లో ఉన్న ప్యాలెస్‌ని అనాథ పిల్లలకిచ్చేశారు. కలకత్తాలో పాలరాయి నిగ్గుతేలేనాటికి ఇక్కడ పిల్లలు ఎన్నో ఏళ్లుగా అన్నం తిని, పలకలు పట్టుకుని కూర్చుంటున్నారు. రాణిగారి పేరుతో జరిగిన పనుల్లో నాకు నచ్చింది ఇదొక్కటే. ఈ రోజుకీ తల్లినో తండ్రినో ఇద్దరినీనో పోగొట్టుకున్న పిల్లలు అక్కడ ఉండి చదువుకుంటున్నారు. 2018 సెప్టెంబరు 24న ఎల్బీనగర్ మెట్రో మొదలయ్యాక రైలు కూడా విక్టోరియా మెమోరియల్ అని స్టేషన్ పేరు పలుకుతోంది. కొత్తవాళ్లు కొందరు కలకత్తాది గుర్తొచ్చి కిటికీలోంచి పాలరాతి గుమ్మటం కోసం వెతుకుతారు.

కలకత్తా మహలు కట్టడాన్ని దగ్గరుండి చూసుకున్న విన్సెంట్ ఎష్ తర్వాత హైదరాబాద్ వచ్చి, హైకోర్టు, ఉస్మానియా ఆస్పత్రి, కాచిగూడ స్టేషన్లతో పాటు సిటీ హైస్కూలుకీ నమూనా గీశాడు. మూసీ ఒడ్డున ఇప్పుడు సిటీ కాలేజీ అంటున్నది అదే. అది బడి కోసమే కట్టిన బడి. గదికి ఎంతమంది, వెలుతురు ఎటునుంచి అని ముందే లెక్కేసుకున్నది. ప్యాలెస్ బడికి ఆ వరం లేదు. దర్బారుకి కట్టిన హాల్లో ముప్పైమంది ఎక్కాలు అప్పజెబితే వెనక బెంచీకి గోల తప్ప అంకె వినపడదు. పక్క వాటా పడగ్గది, అందులో నల్లబల్ల ఎక్కడ పెట్టినా కిటికీ వెలుగు దాని మీద పడి మెరుస్తుంది. నా దివాణం బడిలో నేను ఐదేళ్లు ఆ మెరుపుతోనే పోట్లాడాను. కానీ మే నెలలో ఫ్యాను లేకుండా కూర్చోగలిగామంటే ఆ రెండడుగుల గోడా, పదహారడుగుల ఎత్తు పైకప్పూ, ఎండని బయటే ఆపేసే వరండానే కారణం. ఆ సుఖం ఏ కాంప్లెక్సు మూడో అంతస్తులోనూ దొరకదు.

ఇక మిగతా సగం మార్కుల సంగతి. ఖాళీ ప్యాలెస్‌లో పైకప్పు కారడం మొదలైతే ఎవరికి తెలుస్తుంది? గబ్బిలాలకి. గోడ పగుల్లో పిట్ట వేసిన రావి గింజ మొలిస్తే పదేళ్ల దాకా అడిగేవాళ్లుండరు. అప్పటికి వేరు గోడ మందం దాటి లోపలికొస్తుంది. పీకితే గోడే ఊడొస్తుంది. అదే పైకప్పు ఐదో తరగతి మీద కారితే మర్నాటికల్లా హెడ్మాస్టరు బల్ల మీద అర్జీ ఉంటుంది. నోటుపుస్తకం తడిసిన పిల్ల తల్లి గేటు దగ్గరుంటుంది. రోజూ తలుపులు తీస్తారు, గాలి ఆడుతుంది. రోజూ ఊడుస్తారు, ఏ మూల ఏం రాలిందో చీపురుకి తెలుస్తుంది. పిల్లలు మేకులు కొడతారు, పేర్లు చెక్కుతారు, కమాను కింద క్రికెట్ ఆడి గాజు పగలగొడతారు. ఆ నష్టమంతా కలిపినా ఒక్క రావి మొక్క చేసేదానికి సరిరాదు.

కోఠిలో బ్రిటిష్ రెసిడెన్సీ ఇందుకు రెండు వైపులా సాక్ష్యం. కిర్క్‌పాట్రిక్ కట్టించిన ఆ మహలు 1949 నుంచి ఆడపిల్లల కాలేజీ. ఇప్పుడది చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం. క్లాసులు జరిగినన్నాళ్లూ కప్పు కింద మనుషులున్నారు. కానీ ఆ వయసు కట్టడానికి ఊడ్చేవాళ్లు చాలరు, పాత పని తెలిసిన చేతులు కావాలి. 2002లో అది ప్రపంచ స్మారకాల నిధి వాళ్ల ప్రమాద జాబితాకెక్కింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఓపిగ్గా బాగుచేశారు. తూర్పు వైపు మన రెండు కట్టడాలకీ ఏదో ఒకనాడు అంత ఓపిక కావాల్సి వస్తుంది. అప్పుడు సిమెంటు బస్తాతో వచ్చేవాడు ముందొస్తాడా, గోటితో గీరి చూసేవాడు ముందొస్తాడా అన్నదే నా బెంగ.

ఆస్మాన్‌గఢ్ చూసొచ్చిన రోజు సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో టీ కొట్టు ముందు నిలబడి పెద్దాయనకి ఫోన్ చేశాను. రాయి గురించి, పళ్ళవరుస గోడ గురించి ఉత్సాహంగా చెప్పుకుపోతున్నాను. ఆయన సగంలో ఆపి, "అవన్ని నాకెరికే. పోరగాళ్లు కూసుంటున్రా ఆడ?" అన్నాడు.

"బడే కదా తాతా, కూర్చుంటున్నారు."

"అయితే పడది" అన్నాడు. ఆ వెంటనే, పట్నంలో బట్టీ సున్నం బస్తా ఎంత పలుకుతోందో కనుక్కుని చెప్పమన్నాడు.